రిగ్రెట్ రాసే మేష్టారు

యెహెజ్కేలు మేష్టారు కన్నకూతురి చావువార్తను ఆమె బతికుండగానే ఇంగ్లీషులో రాసి తపాలాకిచ్చాడు. కొవ్వూరులో ఈ సంగతి తెలియనివాళ్లు ఆ రోజుల్లో లేరు. ఆయనకి మతి పోయిందన్నారు కొందరు. ఇంగ్లీషు ముదిరిందన్నారు ఇంకొందరు. రెండూ నిజం కాదు. మతి బాగానే ఉంది. ఇంగ్లీషు కూడా బడికి సరిపడేంతే వచ్చు. ఆయనకి ఉన్నదల్లా ఒక్క మాట మీద ఆశ. ఆ మాట రిగ్రెట్.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ముప్పయ్యేళ్లు దాటిన కాలమది. గోదావరి మీద వంతెన ఇంకా లేదు. ఎదురుగా కనిపించే రాజమండ్రికి వెళ్లాలన్నా రేవులో పడవ కోసం కాచుకోవాల్సిందే. చెన్నపట్నానికి ఉత్తరం పోవాలంటే విజ్జేశ్వరం లాకుల దగ్గర తపాలా పడవ ఎక్కి, కాలవల వెంట ఈడ్చుకుంటూ పోవాలి. ఆ పడవ వారానికొక్కసారి బుధవారం మధ్యాహ్నం కదిలేది.

యెహెజ్కేలు పుట్టింది కొవ్వూరు మాలపల్లెలో. తండ్రి చిట్టియ్య పాలేరు. మిషను దొర పల్లెలో బడి పెట్టినప్పుడు చిట్టియ్య కొడుకుని గొడ్ల వెనకనుంచి తప్పించి ఆ బడిలో కూచోబెట్టాడు. రైతు ఊరుకుంటాడా? ఆ ఏడు చిట్టియ్యకి పని ఇవ్వలేదు. పిల్లవాడు చదివాడు, పెద్దవాడై అదే బడిలో మేష్టారయ్యాడు. చెన్నపట్నంలో అచ్చయ్యే ఒక ఇంగ్లీషు వారపత్రికకి కొవ్వూరు కబుర్లు రాసి పంపే మనిషి కావలసి వస్తే దొరగారు యెహెజ్కేలు పేరు చెప్పాడు. జీతం లేదు. పేపరు ఊరికే వచ్చేది. పేరు కూడా వెయ్యరు, మా కొవ్వూరు కరస్పాండెంటు అంటారంతే. ఆ మాటకే యెహెజ్కేలు నడక మారిపోయింది. తన అక్షరం కాలవల వెంట వెళ్లి సీసపు అక్షరమై తిరిగొస్తోంది, అది మామూలు సంగతా!

పేపరు వాళ్ల ఇంగ్లీషుని ఆయన చదివి చదివి వంటపట్టించుకున్నాడు. అందులో చావులకి మెట్లుండేవి. దొరలు పోతే, జమీందార్లు పోతే, "వుయ్ రిగ్రెట్ టు రికార్డ్ ది డెత్ ఆఫ్" అని మొదలుపెట్టేవాళ్లు. ఫలానావారి మరణాన్ని రాయవలసి వచ్చినందుకు మేము విచారిస్తున్నాము అని. మరీ పెద్దవాళ్లయితే విచారానికి ముందు డీప్లీ చేరేది. వకీళ్లకీ తాసిల్దార్లకీ డీప్లీ ఉండదు, ఒట్టి రిగ్రెట్. షావుకార్లు సత్రం కట్టించి ఉంటే రిగ్రెట్, లేకపోతే ఊరికే డైడ్. పల్లెల్లో జనానికి ఆ డైడ్ కూడా లేదు. వాళ్లు చావరు. వాళ్లని కలరా ఎత్తుకుపోతుంది. క్యారీడ్ ఆఫ్. పేర్లుండవు, అంకె ఉంటుంది. ఒక దొరగారి ఆడగుర్రం కాలు విరిగి చస్తే మాత్రం రిగ్రెట్ అనే వేశారు. ఆ వార్త రాసి పంపింది యెహెజ్కేలే. గుర్రానికి పేరు కూడా ఉంది.

కూతురు ప్రసన్నకుమారి అడుగులు వేస్తున్న ఏడు పల్లెలో కలరా వచ్చి చిట్టియ్య పోయాడు. యెహెజ్కేలు తండ్రి తల ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూచున్నాడు. మట్టి చేసి వచ్చాక, వానలకి దారి లేక, తర్వాతి వారం పడవకి కాగితం పంపాడు. మిస్టర్ చిట్టియ్య, యోగ్యుడు, కొడుకు చదువు కోసం కష్టాలు పడినవాడు, ఆయన మరణానికి విచారిస్తున్నాము అని. పేపరొచ్చింది. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: కొవ్వూరులో కలరా ప్రబలి పల్లెలో పదకొండుమందిని ఎత్తుకుపోయింది. ఆ పదకొండులో తన తండ్రి ఎన్నోవాడో యెహెజ్కేలుకి తెలియలేదు.

ఎడిటరుకి రాశాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. తాసిల్ ఆఫీసు రిపోర్టు మీ కాగితం కంటే ముందే అందింది, ఒకే చావుని రెండుసార్లు వెయ్యలేము గదా, అని.

ఆ జవాబుని యెహెజ్కేలు నమ్మాడు. కష్టమంతా అక్కడే మొదలైంది. అది తప్పించుకోవడానికి రాసిన మాట. చిట్టియ్య కాగితం నెల ముందు అందినా వాళ్లు వేసేవాళ్లు కారు. పాలేరు చావుకి విచారించే పేపరు ఆనాడు లేదు. కాని దొరలు చేతిరాతతో రాసిన మాట మీద పల్లె మనిషికి అనుమానం రాదు. ముందు పంపితే వేస్తారన్నమాట అని ఆయన మనసులో పాతుకుపోయింది.

అప్పటినుంచీ ఆయన ముందే రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా పెద్దమనిషి మంచం పట్టాడని తెలిస్తే చాలు, డ్రెస్సరు సత్తిరాజుని కలిసి రోగి ఎలా ఉన్నాడో కనుక్కునేవాడు. సత్తిరాజు రాజమండ్రి ఆస్పత్రినుంచి ఊళ్లమ్మట తిరిగి మందులిచ్చేవాడు, కాస్త నోరు జారే రకం. లాభం లేదని ఆయన అన్నాడంటే మేష్టారు రిగ్రెట్ రాసి బుధవారానికి లాకుల దగ్గర ఇచ్చేసేవాడు. పేపరు చేరేలోపు మనిషి ఎలాగూ పోయేవాడు. రాజమండ్రిలో ఉన్న కరస్పాండెంటు కంటే కొవ్వూరు కరస్పాండెంటు చురుకైనవాడని చెన్నపట్నంలో పేరొచ్చింది.

ఆయన రాసినవాటికి శుద్ధప్రతులు ఎత్తింది ప్రసన్నకుమారి. ఒక్కతే కూతురు. తండ్రి దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుంది, చేతిరాత తండ్రికంటే గుండ్రం. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు ఎత్తిరాస్తూ రాస్తూ ఆగింది.

"నాన్నా, దివానుగారు నిన్న పల్లకీలో మన బడి ముందునుంచే వెళ్లారు గదా?"

"వెళ్తే?"

"ఇందులో పోయారని ఉంది."

"పోతార్లే అమ్మా. సత్తిరాజుగారు చెప్పారు. పడవ రేపే. అది ఆగదు గదా."

"పడవ ఆగదని ఆయన పోవాలా?"

పొయ్యి దగ్గరనుంచి తల్లి రూతు అందుకుంది. "అడగవే, బాగా అడుగు. మీ నాన్న కలం తీశాడంటే ఆ ఇంట్లో పొయ్యి ఆర్పెయ్యొచ్చు. మొన్న కరణంగారి తమ్ముడు నన్ను చూసి, 'ఏమ్మా, మీ ఆయన నా గురించేం రాయట్లేదు గదా' అని దణ్ణం పెట్టాడు."

యెహెజ్కేలు కూడా నవ్వాడు. పిల్ల మాత్రం వదల్లేదు. "వుయ్ అంటే ఎవరు నాన్నా?"

"పేపరువాళ్లు."

"వాళ్లకి దివానుగారు తెలుసా?"

"ఎందుకు తెలుస్తాడు?"

"తెలియనోళ్లకి విచారం ఏంటి?"

"అదేనమ్మా గౌరవం. తెలిసినవాళ్లం ఎలాగూ ఏడుస్తాం. తెలియనివాళ్లు విచారించారంటే ఆ మనిషి ఉన్నట్టు లెక్క."

ప్రసన్నకుమారి పెరిగి పరీక్ష ప్యాసై ఆడపిల్లల బడిలో టీచరయింది. పేపరువాళ్లు ఆ సంగతి సంతోషంతో తెలుసుకున్నామని రెండు వరసలు వేశారు. పల్లె పేరుతో పాటు ఒక మనిషి పేరు అచ్చవడం అదే మొదలు. యెహెజ్కేలు ఆ ముక్క కత్తిరించి బైబిలు అట్టకి లోపల అంటించాడు. తన తండ్రి దగ్గర తెగిపోయిన దారి కూతురి దగ్గర అతుక్కుందని ఆయనకి అనిపించింది.

ఆ తర్వాతి శ్రావణంలో కలరా మళ్లీ వచ్చింది. గోదావరి ఎర్రబడి పోటెత్తుతోంది. బడికి సెలవిచ్చేసి ప్రసన్నకుమారి ఇల్లిల్లూ తిరిగింది. గంజి కాచి పోసింది, నీళ్లు మరగబెట్టుకోమని తిట్టింది, ఎత్తాల్సినవి ఎత్తింది. "నీకేమైనా అయితే ఎవరే చేస్తారు?" అని రూతు అంటే, "నువ్వున్నావు గదే అమ్మా" అనేది. మంగళవారం సాయంత్రం తనకీ మొదలైంది. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి. గొంతు మారింది. వేళ్లు చన్నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. యెహెజ్కేలు ఆ వేళ్లు ఇంతకుముందు చూశాడు. తండ్రివి.

లోపల రూతు చెంచాతో ఉప్పుగంజి పోస్తోంది. యెహెజ్కేలు గుమ్మంలో కూచుని కాగితం తీశాడు.

ఆయనేం ఆలోచించాడో ఊహించడం కష్టం కాదు. ఆ రోజు బుధవారం. ఈ పడవ తప్పితే వచ్చే వారం. ఈలోపు తాసిల్దారు లెక్క చెన్నపట్నం చేరుతుంది. పల్లెలో ఇంతమంది అని అంకె పడుతుంది, తన బిడ్డ ఆ అంకెలో కలిసిపోతుంది. తండ్రిని ఒకసారి అలా పోగొట్టుకున్నాడు. రెండోసారి పోగొట్టుకోకూడదు. ఆయనకి తోచింది అంతే. బిడ్డని బతికించడం తన చేతిలో లేదు, పేరుని బతికించడం ఉంది అనుకున్నాడు. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం వణకలేదు. రాసి రాసి అలవాటైన చెయ్యి అది.

మిస్ ప్రసన్నకుమారి, డివోటెడ్ టీచరు, రోగులకి సేవ చేస్తూ అదే రోగానికి బలైంది, విచారిస్తున్నాము. మడిచి కవరులో పెట్టాడు.

"ఎక్కడికయ్యా?" అంది రూతు.

"మందు."

"మందేంటి, సత్తిరాజుగారికి రాత్రే కబురు పెట్టాం గదా, ఆయనే వస్తాడు. నువ్వుండు. పిల్ల నీకోసం చూస్తోంది."

"ఇప్పుడే వచ్చేస్తా."

విజ్జేశ్వరం ఇప్పుడే వచ్చేసే దూరం కాదు. గట్టెక్కి నడుస్తుంటే రేవు దగ్గర సత్తిరాజు ఎదురయ్యాడు. నది దాటి తడిసి ముద్దయి ఉన్నాడు, మందులపెట్టె నెత్తిన పెట్టుకున్నాడు.

"మీ ఇంటికే వస్తున్నా మేష్టారూ. మీరెటు?"

"తపాలాకండి."

"ఇప్పుడా? పిల్లెలా ఉంది?"

యెహెజ్కేలు కవరు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. సత్తిరాజు ఆయన చేతిలో కవరు చూశాడు. ఆయనకి ఆ కవర్లు తెలుసు. అయినా అది ఎవరి కోసమో తట్టలేదు. "సరే, మీరొచ్చెయ్యండి తొందరగా" అని పల్లెవైపు పరుగెత్తాడు. యెహెజ్కేలు రెండోవైపు నడిచాడు. వైద్యుడు వచ్చే దారిలోనే వైద్యుణ్ణి దాటుకుని వెళ్లిపోయాడు.

కవరు లాకుల దగ్గర ఇచ్చి, తపాలా పడవ కదిలిందాకా చూసి, చీకటి పడే వేళకి ఇంటికొచ్చాడు. ఏడుపులు వినిపిస్తాయని దూరంనుంచే చెవులు రిక్కించాడు. ఏమీ వినపడలేదు. లోపల దీపం ఉంది. సత్తిరాజు మంచం పక్కన కూచుని నాడి చూస్తున్నాడు.

"నిలబడేట్టుంది మేష్టారూ. వాంతులు కట్టాయి. ఈ పూట గడిస్తే భయం లేదు."

రూతు మొగుడి చేతులవైపు చూసింది. "మందేదయ్యా?"

యెహెజ్కేలు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"నాన్నా నాన్నా అని పొద్దున్నుంచీ పిలిచింది. గొంతు రాకపోయినా పిలిచింది. ఎక్కడికెళ్లావయ్యా నువ్వు?"

ఆయన మంచం కాళ్ల దగ్గర నేలమీద కూలబడ్డాడు.

గురువారం ప్రసన్నకుమారి కళ్లు తెరిచి గంజి అడిగింది. రాజమండ్రిలో తంతి ఆఫీసు ఉంది. రేవులో పడవ ఆ రోజు నడుస్తూనే ఉంది. వెళ్లి, నా వార్త వెయ్యకండి అని ఒక్క ముక్క చెన్నపట్నానికి కొట్టిస్తే సరిపోయేది. యెహెజ్కేలు వెళ్లలేదు. గురువారం బాగున్నవాళ్లు శుక్రవారం పోవడం ఆయన పల్లెలో చూశాడు. ఒకవేళ పిల్ల పోతే? వార్త ఆగిపోతుంది, మళ్లీ పంపేలోపు లెక్క వెళ్లిపోతుంది. ఇంకొక్కరోజు చూద్దామనుకున్నాడు. శుక్రవారమూ అలాగే అనుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆయన మోకాళ్ల మీద పడి బిడ్డని బతికించమని దేవుణ్ణి అడిగాడు, నిజంగానే అడిగాడు. తంతి మాత్రం ఇవ్వలేదు. శనివారం పిల్ల లేచి గోడకానుకుని కూచుంది. అప్పుడు పరుగెత్తాడు రేవుకి. గోదావరి గట్టుదాకా వచ్చేసింది. పడవలన్నీ ఒడ్డుకి లాగి కట్టేశారు. సరంగు కాళ్లు పట్టుకున్నా కదలనన్నాడు.

వరద తీసి పడవలు కదిలేసరికి చెన్నపట్నంలో పేపరు అచ్చయిపోయింది.

ఊళ్లో ఆ పేపరు తెప్పించుకునేది ఇంకొక్కడే, ధాన్యం షావుకారు జోగేశ్వరరావు. ధరల కోసం తెప్పిస్తాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, చదువుకుంటున్న కొడుకు బుల్లిబాబు చదివి చెబుతాడు. మామూలు రోజుల్లో జోగేశ్వరరావు మాలపల్లె వైపు తొంగిచూడడు. ఆ రోజు గొడుగేసుకుని పల్లె మొదట్లోకి వచ్చి గట్టు మీదే నిలబడి కేకేశాడు.

"మేష్టారూ! ఓ మేష్టారూ! ఎంత పని జరిగిందండీ! బంగారంలాంటి పిల్ల!"

గుమ్మం ముందు ఎండలో కూచుని జుట్టు ఆరబెట్టుకుంటున్న ప్రసన్నకుమారి గోడ పట్టుకుని లేచి నాలుగడుగులు వేసింది. "ఏంటండీ షావుకారుగారూ? ఎవరికేమైంది?"

జోగేశ్వరరావు గొడుగు జారవిడిచాడు. "నువ్వు... నువ్వు పోలేదూ?"

"ఎక్కడికండీ?"

"పోయావని పేపర్లో వేశారమ్మా! మా బుల్లిబాబు చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా ఆవిడ సత్యలక్ష్మి పొద్దున్నించీ వంట చెయ్యలేదు." తేరుకుని పెద్దగా నవ్వాడు. "పోన్లే, మంచిదే. పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు. నూరేళ్లు ఉంటావులే!" అంటూ పేపరుని గట్టు మీద పెట్టి, తను వెనక్కి జరిగాడు. ప్రసన్నకుమారి వచ్చి తీసుకుంది. చేతికివ్వడం అంటూ ఉండదు.

ఆయన వెళ్లిపోయాడు. రూతు గుమ్మంలోకి వచ్చి శాపనార్థాలు లంకించుకుంది. "ఎవడే ఆ పాపిష్టోడు రాసింది? నా బిడ్డ నిక్షేపంలా ఉంటే పోయిందని రాస్తాడా? ఆడి చెయ్యి పడిపోను! ఆడికి బిడ్డలు లేరా? ఆడి ఇంట్లో..."

"అమ్మా, ఊరుకో."

"ఎందుకూరుకోవాలే? నువ్వు చదువు, ఆడి పేరేంటో చెప్పు!"

"పేరు వెయ్యరే అమ్మా."

రూతు మొగుడివైపు తిరిగింది, నువ్వైనా చెప్పవయ్యా అన్నట్టు. యెహెజ్కేలు గుమ్మం పక్కన గోడకి వీపు ఆనించి నేల చూస్తున్నాడు. రూతు ఆయన్ని చూసింది. చేతులవైపు చూసింది. ఆ బుధవారం ఖాళీగా వచ్చిన చేతులు. నోట్లో ఉన్న తిట్టు అక్కడే ఆగిపోయింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ప్రసన్నకుమారి ఆ పేరా రెండుసార్లు చదివింది. ఎడిటరు ఒక్క మాట తీసెయ్యలేదు. తన కరస్పాండెంటు కూతురని కాబోలు, జాలిపడి ముందొక డీప్లీ చేర్చాడు. యెహెజ్కేలు కోరుకున్నదంతా వచ్చింది, కోరుకున్నదానికంటే ఒక మాట ఎక్కువే వచ్చింది.

"ఎప్పుడు రాశావు నాన్నా?"

"బుధవారం."

"బుధవారం ఎప్పుడు?"

"తెల్లారగట్ల."

"సత్తిరాజుగారు రాకముందే."

"ముందేనమ్మా."

ఆమె పేపరు మడిచింది. "బాగా రాశావు. తప్పుల్లేవు."

"తల్లీ, మీ తాత సంగతి నీకు తెలుసు గదా. మళ్లీ అలా కాకూడదని..."

"తెలుసు నాన్నా. తాత నీ ఒళ్లో పోయాడని అమ్మ చెబుతుంది. తెల్లవార్లూ తల నిమిరావంట. తాతకి పేరు రాలేదు, నువ్వున్నావు." మడిచిన పేపరు ఆయన పక్కన పెట్టింది. "నాకు పేరొచ్చింది."

అరిచి ఉంటే బాగుండేది. పేపరు చింపి మొహాన కొట్టినా బాగుండేది. ఆమె లోపలికి వెళ్లి తల్లి పక్కన కూచుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. యెహెజ్కేలు గుమ్మం బయటే ఉండిపోయాడు, తన ఇంటికే తను పనిమీద వచ్చినట్టు.

మిస్ ప్రసన్నకుమారి క్షేమమని తెలిసి సంతోషిస్తున్నామని పేపరువాళ్లు ఒక మూల చిన్నగా వేశారు. యెహెజ్కేలు ఆ తర్వాత వాళ్లకి ఏమీ పంపలేదు. రెండు ఉత్తరాలు రాసి చూసి వాళ్లు ఇంకొకర్ని కుదుర్చుకున్నారు. ఊళ్లో మాత్రం కబుర్లు ఆగలేదు. "మేష్టారూ, నాకు పడిశం పట్టింది, కాస్త ఆగండి బాబూ" అనేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు.

ఆ ఏడాది చివర ప్రసన్నకుమారి పోలవరంలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల బడికి వెళ్తానని మిషనులో అడిగింది. నదికి ఎదురెక్కి వెళ్లాలి, అక్కడ జ్వరాలెక్కువ, ఎవరూ పోని చోటు. వద్దనడానికి యెహెజ్కేలుకి నోరు రాలేదు. పెట్టె రేవుదాకా మోసుకెళ్లి పడవలో పెట్టాడు. "ఉత్తరాలు రాస్తుండమ్మా" అన్నాడు. "రాస్తాను నాన్నా" అంది. రాసింది కూడా. ప్రతి ఉత్తరంలోనూ నేను క్షేమం అనే ఉండేది.

ఏటా వేసవి సెలవుల్లో ఆయన పోలవరం వెళ్లేవాడు. ఆమె చేపల పులుసు చేసి పెట్టేది, మంచం ఆయనకిచ్చి తను చాప మీద పడుకునేది, బడి చూపించేది. ఏ లోటూ చేసేది కాదు. కాని ఆయన ఉన్నన్ని రోజులూ ఆమె దగ్గు వచ్చినా లేచి పెరట్లోకి వెళ్లి దగ్గేది. ఒకసారి చెయ్యి తగిలితే ఒళ్లు కాలిపోతోంది.

"ఏంటమ్మా, జ్వరమా?"

"పొయ్యి దగ్గరున్నాను గదా నాన్నా."

"చిక్కిపోయావు."

"ఎండలు."

జ్వరమని చెబితే ఆయనేం చేస్తాడు? తల తడిగుడ్డతో తుడుస్తాడు. రాత్రంతా మేలుకుంటాడు. అదొక్కటే ఆయనకి కావాలి. ఆమె నీరసంగా పడుకుంటే పక్కన కూచునే హక్కు ఒక్కసారి తిరిగి దక్కితే చాలనుకుంటూ ఏళ్లు గడిపాడు. నాన్నా, ఒంట్లో బాగాలేదు, రా, అని ఒక్క ముక్క వస్తుందేమోనని తపాలా వచ్చినప్పుడల్లా బడి వదిలి గుమ్మంలోకి వచ్చేవాడు. నేను క్షేమం అనే వచ్చేది.

ఒక కార్తికంలో రూతు, తాళ్లపూడిలో అన్నగారింటికి వెళ్తానంది. మనిషి కంగారుగా ఉంది. "ఏమైంది?" అంటే, "వదినకి ఒంట్లో బాలేదంట" అంది. వెళ్లింది. పది రోజులైనా రాలేదు. తర్వాత పోలవరంనుంచి పడవ మనిషి వచ్చి బడి దగ్గర నిలబడ్డాడు. మేష్టారూ, మిమ్మల్ని రమ్మన్నారండి, అన్నాడు. ఎవరు రమ్మన్నారంటే చెప్పలేదు. దారంతా నీళ్లవైపు చూస్తూ తెడ్డు వేశాడు.

యెహెజ్కేలు చేరేసరికి సమాధి మీద మట్టి తడి ఆరిపోయింది. బడికి తాళం వేసి ఉంది. పిల్లలు పెట్టిన బంతిపూలు వాడిపోయి ఉన్నాయి. ఆయన అక్కడ ఎంతసేపున్నాడో చూసినవాళ్లు లేరు. తర్వాత ఆమె ఉండే ఇంటికి వచ్చాడు. లోపల చాప మీద రూతు కూచుని ఉంది. తాళ్లపూడిలో ఉండాల్సిన రూతు. ఆయన్ని చూసి తల వంచుకుంది.

బడి ఊడ్చే ముసలామె వీరమ్మ నీళ్లు తెచ్చిచ్చింది. ఆమెకి కొవ్వూరు కథలేమీ తెలియవు. చనిపోయినామె తండ్రి వచ్చాడు, చెప్పాల్సినవి చెప్పాలి అనుకుని చెబుతూ పోయింది.

"మన్నెం జొరమండి బాబూ. నెలరోజులు తీసుకుంది. అమ్మగార్ని రప్పించుకుంది. ఆవిడ ఒక్క క్షణం ఎడంగా లేదండి, చెయ్యి పట్టుకునే ఉంది. చివరికి అమ్మగారి ఒళ్లోనే కన్ను మూసిందండి. కష్టపడలేదు."

"నాకు ముందే కబురు పెట్టాల్సింది" అన్నాడు యెహెజ్కేలు.

"పెడతానన్నానండి. నేనే అడిగా, మీ నాయనగారికి చెప్పొద్దా తల్లీ, అని. వద్దంది."

"ఎందుకంది?"

వీరమ్మ పిల్లని తలుచుకుని కళ్లు తుడుచుకుంది, మురిపెంగా కూడా నవ్వింది. "'మా నాన్నకి తొందరెక్కువ వీరమ్మా, అంతా అయ్యాక చెప్పండి' అందండి. కోపంగా కాదండోయ్, నవ్వుతూనే అంది."

యెహెజ్కేలు తల ఊపాడు. రూతు కాస్త జరిగి చాప మీద ఆయనకి చోటిచ్చింది. ఆయన నీళ్లచెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.